యంత్రమెరిగి దానం

వేసవిలో చెరువు ఎండిపోగానే ఊరివారందరూ కలిసి పూడిక తీయడం మన పల్లెలకు తెలిసిన పని. దానినే శ్రమదానం అంటాము. ఆ పనికి వచ్చినవారందరూ ఒకే పనిని చేయరు. కండబలం కలవాడు గునపంతో తవ్వుతాడు. మరొకడు పారతో మట్టిని తట్టలకు ఎత్తుతాడు. తట్టలు మోసేవారు వరుసగా నిలబడి ఒకరికొకరు అందించుకొంటారు. బండి ఉన్న రైతు ఆ ఒండ్రును పొలానికి తోలుకొనిపోతాడు. బరువు మోయలేని వృద్ధుడు చెట్టునీడన కూర్చుండి వచ్చినవారికి మంచినీళ్లు అందిస్తాడు. ఎవరి సేవా తక్కువది కాదు. కాని గునపం పట్టగలవాడు నీళ్లకుండ దగ్గర కూర్చున్నా, వృద్ధుడు గునపం ఎత్తబోయినా పని చెడుతుంది. ఎవరు ఏ పనికి తగుదురో తెలిసి పంచుకొన్నప్పుడే చెరువు బాగుపడుతుంది.

ఇటువంటి శ్రమదానమే సుమారు ముప్పై సంవత్సరాలుగా కంప్యూటర్ల లోకంలోను జరుగుతున్నది. శాస్త్రవేత్తకు ఎదురైన ఒక పెద్ద లెక్కను లక్షలాది చిన్న ముక్కలుగా విభజిస్తారు. వాటిని ఇంటర్నెట్ ద్వారా వివిధ దేశాలలోని ఇళ్లకు పంపుతారు. ఇంటివారు ఇష్టపూర్వకంగా తమ కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రామును పెట్టుకొంటారు. అది ఒక ముక్కను తెచ్చుకొని, లెక్కకట్టి, ఫలితాన్ని తిరిగి పంపి, మరొక ముక్కను అడుగుతుంది. ముక్కూముఖమూ తెలియనివారి యంత్రాలు కట్టిన లెక్కను నమ్మడం ఎలా అన్న సందేహం కలగవచ్చు. అందుకే చాలా ప్రాజెక్టులు ఒకే ముక్కను ఇద్దరికి పంపి, ఇద్దరి సమాధానాలు కలిసినప్పుడే స్వీకరిస్తాయి. ఈ సేవను మనం గణనదానం అని పిలుచుకొందాము.

గణనదానానికి ఘనమైన చరిత్రే ఉన్నది. 1996 లో జార్జ్ వోల్ట్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ గింప్స్ అనే ప్రాజెక్టును ప్రారంభించాడు. కొన్ని రెండ్లను వరుసగా గుణించి, వచ్చిన లబ్ధంలోనుంచి ఒకటి తీసివేస్తే మిగిలే సంఖ్యలలో ప్రధాన సంఖ్యలను వెదకడం దాని పని. మూడు రెండ్లను గుణించి ఒకటి తీసివేస్తే వచ్చే 7 అటువంటిదే. వీటిని మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. 1999 మే నెలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణంనుంచి సెటి ఎట్ హోమ్ వెలువడింది. పోర్టోరికో ద్వీపంలోని అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన సంకేతాలలో అన్యలోకవాసుల జాడ ఏదైనా ఉన్నదా అని వెదకడం దాని ఉద్దేశ్యం. 50 లక్షలకు పైగా జనం అందులో చేరారు. 2000 లో ప్రోటీను అణువుల ముడుతలను పరిశీలించే ఫోల్డింగ్ ఎట్ హోమ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఆ తరువాత బర్కిలీలోనే డేవిడ్ ఆండర్సన్ నాయకత్వాన బాయింక్ అనే ఉమ్మడి సాధనం తయారైంది. ఒక్క ప్రోగ్రామును పెట్టుకొని, అనేక ప్రాజెక్టులలో నచ్చినదానిని ఎన్నుకొనే వీలు దానివలన కలిగింది.

ఎన్నుకొనే వీలు కలిగిన చోటనే ఎన్నుకొనే బాధ్యత కూడా మొదలవుతుంది. సాధారణంగా ఉత్సాహవంతులు చేసే పని ఏమిటి? పేరు విన్న ప్రాజెక్టులో చేరతారు, లేదా మిత్రుడు చేరినదానిలో చేరతారు. నెల తిరిగేసరికి యంత్రం వేడెక్కుతుంది, విద్యుత్తు బిల్లు పెరుగుతుంది, పంపిన ఫలితాలు గడువు దాటి వృథా అవుతాయి. చివరకు విసిగి ప్రోగ్రామును తీసివేస్తారు. లోపం వారి మనసులో లేదు, ఎంపికలో ఉన్నది. పాత్రమెరిగి దానం, క్షేత్రమెరిగి విత్తనం అన్నారు మన పెద్దలు. గణనదానం విషయంలో ఈ సామెతకు మరొక మాట చేర్చవలసి ఉన్నదని నా అభిప్రాయం. పుచ్చుకొనేవాని పాత్రతతోపాటు ఇచ్చే యంత్రం శక్తిని కూడా ఎరగాలి. తన యంత్రానికి ఏది తగినదో తెలియక చేసే దానం దాతకూ, గ్రహీతకూ, లోకానికీ కూడా నష్టమే.

ఈ మాట ఎంత నిజమో గింప్స్ ప్రాజెక్టే చూపుతుంది. బయటినుంచి చూసేవారికి అందులో ఒకే పని ఉన్నట్లు కనిపిస్తుంది. వాస్తవానికి నాలుగైదు రకాల పనులు ఉన్నాయి. ఒక సంఖ్యకు చిన్న కారణాంకం ఏదైనా ఉన్నదా అని భాగించి చూడటం మొదటి మెట్టు. ఇది గ్రాఫిక్స్ కార్డులకు అనువైనది. ఎందుకంటే ఒకే రకపు చిన్న లెక్కలను వేల సంఖ్యలో ఒకేసారి చేయడం వాటి స్వభావం. మరొక పద్ధతిలో కారణాంకాలను వెదకడానికి విస్తారమైన మెమరీ కావాలి. కారణాంకం దొరకని సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చే అసలు పరీక్షకు వేగంగల ప్రాసెసర్ కావాలి. పూర్వం ఒకరు చేసిన పరీక్షను మరొకరు తిరిగి చేసి సరిచూడటం నెమ్మదిగా నడిచే పాత యంత్రాలకు తగిన పని. ఈ పనులలో ఏది లోపించినా మిగిలినవి అసంపూర్ణమే. పదేళ్లనాటి కంప్యూటరు కొత్త సంఖ్యను కనుగొనబోయి నెలల తరబడి ఆయాసపడటంకంటె, పాత పరీక్షను సరిచూడటం మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు. సరిచూడని లెక్క గణితశాస్త్రంలో లెక్కే కాదు.

కనుక ఎంపికకు ముందు మన యంత్రాన్ని మనం పరీక్షించుకోవాలి. మొదట చూడవలసింది మెమరీ. బాయింక్ సాధారణంగా ప్రాసెసర్‌లో ఎన్ని గణన భాగాలు ఉంటే అన్ని పనులను ఒకేసారి నడుపుతుంది. నాలుగు భాగాల ప్రాసెసరు, నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటరును ఊహించండి. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు ప్రోటీనుల ఆకృతిని గణించడానికి 2005 లో ప్రారంభించిన రొసెట్టా ఎట్ హోమ్‌లో కొన్ని పనులు ఒక్కొక్కటి గిగాబైటుకు మించిన మెమరీని కోరేవి. అటువంటివి నాలుగు ఒకేసారి నడిస్తే ఇంటివారు ఉత్తరం ముక్క రాసుకోవడానికి కూడా ఆ కంప్యూటరు పనికిరాదు. ఐరోపా అణు పరిశోధన సంస్థ అయిన సెర్న్ నడిపే ఎల్‌హెచ్‌సి ఎట్ హోమ్‌లో కొన్ని పనులకైతే కంప్యూటరులోపల మరొక కంప్యూటరును సృష్టించినట్లుగా వేరొక వ్యవస్థ నడవాలి. వాటికి మరింత మెమరీ అవసరం. దీనికి భిన్నంగా, ప్రేగ్ నగరంలోని చార్ల్స్ విశ్వవిద్యాలయంవారి ఆస్టరాయిడ్స్ ఎట్ హోమ్ తక్కువ మెమరీతోనే గ్రహశకలాల ఆకారాన్ని, భ్రమణాన్ని లెక్కకడుతుంది. చిన్న యంత్రానికి అది చక్కని పొత్తు.

రెండవది కాలం. మన కంప్యూటరు రోజుకు ఎన్ని గంటలు నడుస్తుంది? ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 2003 లో ప్రారంభించిన క్లైమేట్‌ప్రిడిక్షన్ అనే ప్రాజెక్టు భూమి వాతావరణాన్ని నమూనాగా నిర్మించి భవిష్యత్తును అంచనా కడుతుంది. అందులో ఒక్క పని పూర్తికావడానికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది. సాయంత్రం రెండు గంటలు మాత్రమే కంప్యూటరు తెరిచే ఇంటిలో అటువంటి పని తెమలదు. ప్రతి పనికి ఒక గడువు ఉంటుంది. గడువు దాటితే అదే పనిని మరొకరికి పంపుతారు. అప్పుడు మన యంత్రం తిన్న విద్యుత్తు, చేసిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరే అవుతుంది. తక్కువ సమయం ఉన్నవారు కొద్ది గంటలలో పూర్తయ్యే పనులున్న ప్రాజెక్టును ఎన్నుకోవడం ఉచితం.

కాలం విషయంలో మరొక సూక్ష్మం ఉన్నది. కొన్ని పనులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. గింప్స్‌లో ఒకరి సంఖ్యకు, మరొకరి సంఖ్యకు లంకె లేదు. ఒకరు ఆలస్యం చేసినంతమాత్రాన ఇంకొకరి పని ఆగదు. ఫోల్డింగ్ ఎట్ హోమ్ సంగతి అలా కాదు. ప్రోటీను అణువు క్షణక్షణమూ ఎలా కదులుతుందో అది గణిస్తుంది. ఒక దాత గణించిన చివరి స్థితినుంచే తరువాతి దాత పని మొదలుకావాలి. అంటే ఒకరి ఆలస్యం వరుసలో వెనుక ఉన్నవారందరినీ నిలబెడుతుంది. అందుకే ఆ ప్రాజెక్టువారు త్వరగా తిరిగి పంపినవారికి అదనపు పాయింట్లు ఇస్తారు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉండి, ఎక్కువసేపు నడిచే యంత్రానికే అది తగిన చోటు. తట్టల వరుసలో నడుమ నిలిచినవాడు చేతులు ముడుచుకొంటే ఏమవుతుందో, నెమ్మదైన యంత్రం అక్కడ చేరితే అదే అవుతుంది.

ఇక ల్యాప్‌టాప్‌లు, సెల్‌ఫోన్లు. ల్యాప్‌టాప్ పలుచని శరీరం కలది. దానిలోని చిన్న ఫ్యాను నిరంతరపు వేడిని తట్టుకోవడానికి ఏర్పడింది కాదు. దానిని వాడదలచినవారు ప్రాసెసర్‌లో సగం భాగాన్నే పనికి కేటాయించి, విద్యుత్తు తీగ తగిలించి ఉన్నప్పుడు మాత్రమే నడిచేటట్లు ఏర్పాటు చేసుకోవాలి. ఇటువంటి హద్దులన్నీ బాయింక్‌లో మనమే నిర్ణయించుకోవచ్చు. ఫోన్లలో ఆ ప్రోగ్రాము ఛార్జింగులో ఉన్నప్పుడు, అదీ బ్యాటరీ దాదాపు నిండిన తరువాతనే పనిచేసేటట్లు తయారుచేశారు. అయినా బ్యాటరీకి వేడి శత్రువే. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉండి, చదువూ బ్యాంకు పనులూ దానిమీదనే సాగే కుటుంబం ఆ ఫోనును గణనదానానికి పెట్టవలసిన అవసరం లేదని నేను గట్టిగా చెబుతాను. ఇల్లు గుల్లచేసుకొని చేసే దానాన్ని ఏ శాస్త్రమూ మెచ్చదు.

గణనదానాన్ని గురించి తరచుగా వినిపించే మాట ఒకటి ఉన్నది. ఊరికే ఉన్న యంత్రాన్ని వాడుకొంటున్నాము గనుక ఖర్చేమీ లేదు అంటారు. 1999 లో ఈ మాటలో కొంత నిజం ఉండేది. ఆనాటి కంప్యూటర్లు పని ఉన్నా లేకున్నా విద్యుత్తును వాడుకొనేవి, రెండింటికీ నడుమ తేడా స్వల్పం. తెరమీద రంగుల బొమ్మలు ఆడించే స్క్రీన్‌సేవర్‌కు బదులు సెటి ఎట్ హోమ్ నడిస్తే అదనంగా పోయేది తక్కువే. నేటి ప్రాసెసర్లు అటువంటివి కావు. పని లేనప్పుడు అవి దాదాపు నిద్రపోతాయి, పని పెట్టినప్పుడు మేలుకొని విద్యుత్తును తాగుతాయి. కనుక ఇప్పుడు ఊరక వచ్చేదేమీ లేదు. దానం చేసేది మన విద్యుత్తునే.

లెక్క సులభమే. గణనదానం వలన యంత్రం అదనంగా 100 వాట్లు తీసుకొంటున్నదనుకొందాము. పగలూ రాత్రీ నడిస్తే రోజుకు 2.4 యూనిట్లు, 30 రోజులకు 72 యూనిట్లు. 250 వాట్ల గ్రాఫిక్స్ కార్డు అయితే రోజుకు 6 యూనిట్లు, నెలకు 180 యూనిట్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోను గృహ విద్యుత్తుకు శ్లాబులు ఉన్నాయి. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. అందువలన ఈ అదనపు యూనిట్లన్నీ పై శ్లాబు ధరకే లెక్కకు వస్తాయి. ఆ విద్యుత్తు వెనుక రామగుండంలోనో, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోనో మండే బొగ్గు కూడా ఉన్నది. పైగా యంత్రం మింగిన ప్రతి వాటూ చివరకు వేడిగానే బయటికి వస్తుంది. చలిదేశాలలో ఆ వేడి శీతకాలంలో గదిని వెచ్చబరుస్తుంది. మన రోహిణీకార్తెలో అదే వేడిని తరమడానికి ఫ్యానో, ఏసీయో మరింత విద్యుత్తును వాడుకోవాలి. ఒకే ప్రాజెక్టు, ఒకే యంత్రం, కాని ఒక ఊరిలో తగినది మరొక ఊరిలో తగకపోవచ్చు. చల్లని నెలలలో రాత్రిపూట నడిపి, ఎండాకాలంలో విశ్రాంతినివ్వడం మనకు అనువైన పద్ధతి.

ఖర్చు ఉన్నదని తెలిసిన తరువాత గ్రహీత పాత్రతను విచారించడం మన హక్కు మాత్రమే కాదు, కర్తవ్యం కూడా. ప్రాజెక్టును నడిపేవారు ఎవరు? వారు ఏ విశ్వవిద్యాలయానికి, ఏ పరిశోధనాలయానికి చెందినవారు? ఫలితాలను పత్రికలలో ప్రచురించారా? సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచుతున్నారా? ఐబిఎం సంస్థ 2004 లో ప్రారంభించిన వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ తన వద్దకు వచ్చే శాస్త్రవేత్తలకు ఫలితాలను లోకానికి బహిరంగపరచాలన్న నియమం పెట్టింది. ఇప్పుడు దానిని టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థవారు నిర్వహిస్తున్నారు. నిజాయితీ కూడా పాత్రతలో భాగమే. 2006 లో బిబిసి వారితో కలిసి నడిపిన వాతావరణ ప్రయోగంలో ఒక ఫైలులో తప్పు దొర్లినప్పుడు, క్లైమేట్‌ప్రిడిక్షన్ నిర్వాహకులు ఆ సంగతిని దాచలేదు. దాతలకు చెప్పి నమూనాలను మొదటినుంచి తిరిగి నడిపించారు. తప్పును ఒప్పుకొనే శాస్త్రజ్ఞునికి ఇచ్చిన దానం చెడదు. ఎవరు నడుపుతున్నారో చెప్పక, పాయింట్లనో డబ్బునో ఎరచూపే ప్రోగ్రాములను దరిచేరనీయరాదు. మన యంత్రంతో నాణేల గనులు తవ్వుకొనే మోసగాళ్లూ ఈ లోకంలో ఉన్నారు.

ఫలితమంటే ఎప్పుడూ విజయమే కానక్కరలేదు. సెటి ఎట్ హోమ్ 2020 మార్చి 31 న కొత్త పనులు పంపడం మానింది. అన్యలోకవాసుల సంకేతం దొరికిందని అది ప్రకటించలేదు. అయినా ఆకాశంలో ఎక్కడెక్కడ వెదికారో, ఎంత శ్రద్ధగా వెదికారో తెలియడం తరువాతివారికి మార్గదర్శకం. మరికొన్నిచోట్ల దానం కళ్లెదుటే ఫలించింది. 2005 లో ఆరంభమైన ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ ద్వారా 2010 లో క్షణానికి దాదాపు 41 సార్లు తిరిగే ఒక పల్సార్ నక్షత్రం బయటపడింది. అమెరికాలోని అయోవా రాష్ట్రానికి చెందిన దంపతుల కంప్యూటరు, జర్మనీలోని మైన్జ్ నగరవాసి కంప్యూటరు దాని జాడ పట్టాయి. 2005 లో క్లైమేట్‌ప్రిడిక్షన్ దాతల యంత్రాలు నడిపిన వేలాది నమూనాల ఫలితం నేచర్ పత్రికలో వెలువడింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు రెట్టింపయితే భూమి వేడి 2 డిగ్రీలలోపునుంచి 11 డిగ్రీలకు పైవరకు పెరగవచ్చునని ఆ నమూనాలు చూపాయి. అంచనా ఎంత విశాలమైనదో తెలియడమే అక్కడ లభించిన జ్ఞానం. 2020 లో కరోనా విలయం వచ్చినప్పుడు లక్షలాది జనం ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో చేరగా, ఆ దాతల సమష్టి శక్తి ఆనాటి సూపర్ కంప్యూటర్లను మించిపోయింది. రొసెట్టా ఎట్ హోమ్‌ను నడిపిన ప్రయోగశాలకు అధిపతి డేవిడ్ బేకర్ ప్రోటీనుల రూపకల్పనకు 2024 లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వినిపిస్తుంది. 2024 అక్టోబరులో గింప్స్ కనుగొన్న మెర్సెన్ సంఖ్యనే చూడండి. 13,62,79,841 రెండ్లను గుణించి ఒకటి తీసివేయగా వచ్చే ఆ సంఖ్యలో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. దానిని పట్టుకొన్నది ఇంటి కంప్యూటరు కాదు. ల్యూక్ డ్యూరాంట్ అనే యువకుడు 17 దేశాలలోని కేంద్రాలలో వేలాది శక్తిమంతమైన గ్రాఫిక్స్ ప్రాసెసర్లను సమకూర్చుకొని వెదికాడు. 28 ఏళ్లపాటు సాధారణ కంప్యూటర్లకే దక్కుతూ వచ్చిన ఘనత అలా చేయి మారింది. ప్రోటీనుల ఆకృతిని ఊహించే పనిలో కృత్రిమ మేధ ముందుకు దూసుకుపోయింది. ఇక ఇంటి కంప్యూటరు ఎవరికి కావాలి అని కొందరు అడుగుతారు.

ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. నా సమాధానం ఇది. ఆ సంఖ్యను కనుగొన్న ప్రోగ్రాములు, పరీక్షాపద్ధతులు స్వచ్ఛంద సేవకులు ఏళ్ల తరబడి తీర్చిదిద్దినవే. అది మనకు తెలిసిన 52 వ మెర్సెన్ ప్రధాన సంఖ్య. దానికంటె చిన్నవాటిలో మనకు తెలియనిది ఇంకేదీ దాగిలేదని చెప్పాలంటే నడుమనున్న సంఖ్యలన్నిటినీ పరీక్షించి, సరిచూడాలి. ఆ పనికి కీర్తి రాదు, కాని అది లేక నిశ్చయం రాదు. పాత యంత్రాలు ఇప్పటికీ అక్కడ కావాలి. అయితే ఈ ఆక్షేపణలో మనం గ్రహించవలసిన నీతి కూడా ఉన్నది. కాలం మారినప్పుడు ఎంపికను మార్చుకోవాలి. ఏ పనిలో ఇంటి యంత్రం వేసే అడుగు సముద్రంలో కాకిరెట్ట అయిపోయిందో, ఆ పనిని వదలి మరొకదానికి మరలాలి. ఒకసారి చేరాము గనుక కలకాలం అందులోనే ఉండాలన్న పట్టుదల గణనదానంలో గుణం కాదు.

పాయింట్ల విషయంలోను ఇదే జాగ్రత్త కావాలి. చేసిన పనికి ప్రాజెక్టులు పాయింట్లు ఇచ్చి, దాతల పట్టికలు ప్రకటిస్తాయి. అందులో తప్పు లేదు. కాని పట్టికలో పైకి ఎక్కడంకోసమే కొత్త కార్డులు కొనడం, పాతవాటిని చెత్తకుప్పకు చేర్చడం దానం అనిపించుకోదు, జూదమనిపించుకొంటుంది. ఇంకొక మాట. ఇచ్చేది మనదై ఉండాలి. 1999 లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక కళాశాల కంప్యూటర్ల నిర్వాహకుడు అక్కడి యంత్రాలలో ఇటువంటి ప్రోగ్రామును అనుమతి లేకుండా పెట్టినందుకు క్రిమినల్ కేసును ఎదుర్కొన్నాడు. 2002 లో అది ఒక సంవత్సరం ప్రొబేషన్‌తోను, జరిమానాతోను ముగిసింది. శిక్ష తగినదా కాదా అన్న వాదం వేరు. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరు అందరిదీ కాబట్టి తనది అనుకొనే విద్యార్థి ఈ ఉదంతాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి. ఇంటిలోనైనా బిల్లు కట్టే తల్లిదండ్రులతో చెప్పి, వారి సమ్మతితోనే మొదలుపెట్టాలి. పరుల సొమ్ముతో చేసిన పుణ్యం పుణ్యం కాదు.

ఇంత విచారించిన తరువాత కొందరు విద్యార్థులకు తమ యంత్రం దేనికీ తగదని తేలవచ్చు. అందుకు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. గణనశక్తికి బదులు కంటిచూపును, శ్రద్ధను దానం చేసే మార్గమూ ఉన్నది. 2007 లో గెలాక్సీ జూ అనే ప్రాజెక్టు నక్షత్రవీథుల చిత్రాలను జనం ముందుంచి, వాటి ఆకారాలను గుర్తించమని కోరింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక పాఠశాల ఉపాధ్యాయురాలు ఆ చిత్రాలలో ఎవరూ ఎరుగని ఒక వింత కాంతిరాశిని కనిపెట్టింది. నేడు జూనివర్స్ అనే వేదికమీద అటువంటి ప్రాజెక్టులు అనేకం ఉన్నాయి. అక్కడ చిన్న ఫోను చాలు, విద్యుత్తు ఖర్చు అత్యల్పం, పైగా చేసినవారికి చదువు కూడా అబ్బుతుంది. యంత్రం చేయలేనిచోట మనిషి చేయగలడు.

విద్యార్థులారా, విజ్ఞానశాస్త్రం కొద్దిమంది మేధావుల ఇళ్లలోనే పండే పంట కాదని గణనదానం నిరూపించింది. ఆ పొలంలో మీకూ చోటున్నది. అయితే చేరేముందు కాగితం కలం తీసుకొని మీ యంత్రం మెమరీ ఎంతో, ప్రాసెసర్ ఏదో, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో రాయండి. దానికి సరిపడే ప్రాజెక్టును ఒక్కదానిని ఎన్నుకోండి. మొదలుపెట్టిన రోజున మీటరు రీడింగును రాసిపెట్టుకోండి. నెల గడిచిన తరువాత మళ్లీ చూడండి. పెరిగిన యూనిట్లను, గడువులోపల పంపగలిగిన ఫలితాలను పక్కపక్కన ఉంచి ఇంటివారితో కూర్చుండి ఆలోచించండి. తగినదనిపిస్తే సాగించండి, తగదనిపిస్తే నిస్సంకోచంగా మార్చండి లేదా మానండి. లెక్కకోసం చేసే దానాన్ని లెక్క చూసుకొని చేయడంలో తప్పు లేదు.